చమురు ట్యాంకులు: కారుట నివారణ, గుర్తింపు

నేలపై నిలిచిన చమురు ట్యాంకు కంటికి కనిపించుచున్నది గనుక దాని లోపము కూడ వెంటనే కనిపించునని మనము భావింతుము. గోడపై చెమర్చిన చమురు కనిపించును గాని, నేలను అంటియున్న అడుగురేకు కారినచో ఎవరికిని కనిపించదు. అట్టి దానిని పట్టియిచ్చునది లెక్కయే.

తోటపల్లి గూడూరు వంటి తీరప్రాంతమున ఈ విషయము మనకు మిక్కిలి దగ్గరిది. రొయ్యల గుంటల వద్ద జనరేటర్లకై డీజిలు నిల్వచేయుదురు. సమీపమున కృష్ణపట్నం రేవు కలదు. ఇసుకనేలలో చమురు సులభముగా దిగును. తీరమున మంచినీరు ఉప్పునీటిపై పొరగా తేలియుండును. దిగిన చమురు ముందుగా చేరునది ఆ మంచినీటినే. ఒకసారి చెడిన బావిని బాగుచేయుట బహుకష్టము.

కారణములు: రాత్రి చల్లదనమునకు ట్యాంకులోని గాలి తేమ నీరుగా మారి, చమురుకన్న బరువైనందున అడుగున చేరును. ఆ నీరు లోపలినుండి, ఉప్పుతడి వెలుపలినుండి రేకును తుప్పు పట్టించును.

నివారణ: చిన్న ట్యాంకును దిమ్మెలపై ఎత్తి నిలిపినచో దాని అడుగును చూడవచ్చును. అడుగునీటిని తరచు తీసివేయవలెను. తుప్పును గీకి రంగు వేయవలెను. పెద్ద ట్యాంకుల రేకు మందమును అల్ట్రాసోనిక్ పరికరముతో కొలిచెదరు. చుట్టుకట్ట, తనలోని అతిపెద్ద ట్యాంకు చమురంతయు పట్టునట్లుండవలెను. కట్టకున్న వాననీటి తూమును మూసియుంచి, నీటిపై చమురు తెట్టు లేదని చూచిన పిమ్మటనే తెరువవలెను.

గుర్తింపు: ప్రతి ఉదయము ఒకే వేళకు కొలబద్ద ముంచి చూడవలెను. నిన్నటి నిల్వకు వచ్చినది కలిపి, వాడినది తీసివేసినచో నేటి నిల్వ తేలవలెను. 10,000 లీటర్ల డీజిలు 10 డిగ్రీలు చల్లబడినచో సుమారు 80 లీటర్లు కుంచించుకొనును. కావున ఒక్కనాటి తేడాకు బెదరరాదు. వరుసగా తగ్గుచున్నచో ఉపేక్షింపరాదు. మిల్లీలీటరుకు 20 బొట్లనుకొన్నను, సెకనుకొక బొట్టు చొప్పున దినమునకు 4 లీటర్లకు పైగా, నెలకు సుమారు 130 లీటర్లు పోవును.

ట్యాంకు గట్టిదైనను గొట్టములు, కవాటముల వద్ద ప్రమాదము పొంచియుండును. 2009 అక్టోబరు 29న జైపూరు డిపోలో కవాటము వద్ద కారిన పెట్రోలు గంటకు పైగా ఆవిరియై వ్యాపించి పేలెను. పదిమందికి పైగా మరణించిరి. దూరమునుండి కవాటమును మూయు ఏర్పాటు అప్పుడు పనిచేయుటలేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో కారిన వంటగ్యాసు అంటుకొని దాదాపు 60 మందిని బలిగొనెను. మంటలు ప్రక్కనున్న చమురు ట్యాంకులకును ప్రాకెను.

విద్యార్థులారా! భూగర్భజలము మన యొద్దనున్న అమానతు. మీ వారి గుంట వద్ద డీజిలు ట్యాంకున్నచో, ఒక నెలపాటు ఈ లెక్క వ్రాసి చూడుడు. తేడా నానాటికి పెరుగుచున్నచో ట్యాంకును ఖాళీచేయించి పరీక్షింపజేయుడు.