యుద్ధవీరుడి బొమ్మకు రంగు వేయడం ఎలా?



మన వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి ఎన్నో వ్యాసాలు వస్తాయి. ఈసారి మేము ఒక చేతిపని పాఠం రాస్తున్నాం. మేమంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి వచ్చి, ఈ హాస్టల్లో ఒకే గదిలో పెరిగిన ముగ్గురం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు.

బల్ల మీద యుద్ధం, వాడలో యుద్ధం

చిన్న చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేసి, బల్ల మీద నిలబెట్టి యుద్ధం ఆడే ఆట పాశ్చాత్య దేశాల్లో ఉంది. రచయిత ఎచ్.జి.వెల్స్ 1913లోనే బొమ్మ సైనికుల ఆటకు నియమాలు రాసి పుస్తకం వేశాడు. 1983లో ఇంగ్లండులో మొదలైన వార్‌హామర్ ఆటకు నేటికీ అభిమానులున్నారు.

మన దగ్గర కూడా బొమ్మలతో యుద్ధం నడిచింది. అయితే అది ఆట కాదు, కథ. గొల్లల కులగాథ కాటమరాజు కథను మందహెచ్చులవారు రంగుల బొమ్మలను ఒక్కొక్కటే ముందు పెట్టి చెప్పేవారు. ఆవుల మేతకు కట్టే పుల్లరి దగ్గర తగాదా వచ్చి, కాటమరాజుకూ నెల్లూరి నల్లసిద్ధికీ యుద్ధం జరగడం అందులోని కథ. ఆ బొమ్మలు చేసేది చేర్యాల నకాషీలు. జనగామ నుంచి సిద్దిపేట పోయే దారిలోనే చేర్యాల ఉంది. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది.

చేసే విధానం

1. పొణికి చెక్క తేలికగా ఉంటుంది, సులువుగా తెగుతుంది. దానితో బొమ్మ చెక్కుతారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి ముక్కు, చెవులు, నగలు తీర్చుతారు. బాగా ఆరనివ్వాలి.

2. తెల్ల సుద్దలో జిగురు కలిపి పూయాలి. ఇది సందులను పూడుస్తుంది, పైరంగుకు పట్టు ఇస్తుంది. ఆరాక గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి.

3. ముందు ఒళ్లు, బట్టలు వంటి పెద్ద భాగాలకు రంగు వేయాలి. చిక్కగా ఒక్కసారి పూయడం కంటే పలుచగా రెండుసార్లు పూయడం మంచిది. బొమ్మను అడుగున ఒక పుల్లకు అతికించి పట్టుకుంటే వేలిముద్రలు పడవు.

4. తర్వాత తలపాగా, నగలు, కత్తి.

5. సన్నని కుంచెతో నల్లగీతలు. చివరికి కళ్లు.

బల్ల ఆటల బొమ్మలకు కూడా దాదాపు ఇదే వరుస. ఒక్క తేడా ఉంది. అక్కడ మడతల్లో ముదురు రంగు, అంచుల మీద లేత రంగు వేసి వెలుగునీడలు చూపిస్తారు. చేర్యాల బొమ్మలో నీడలుండవు. నిండు రంగు, నల్లగీత, పెద్ద కళ్లు, అంతే. ఎందుకిలా? ఈ ప్రశ్నకు జవాబు మాకు పుస్తకంలో దొరకలేదు.

మేము చేసిన తప్పు

పోయిన ఏడాది మేము ఒక వీరుణ్ని చేశాం. తొందరపడి సుద్ద ఆరకముందే రంగు వేశాం. వారం తిరగకుండానే పొలుసులు లేచి రాలిపోయింది. రెండోసారి ఓపికపట్టి, వెలుగునీడలతో సహా ఎంతో నాజూకుగా వేశాం. సెలవులకు తీసుకుపోయి మాలో ఒకరి తాతకు చూపించాం. తాతకు అక్షరం రాదు, చూపు కూడా తగ్గింది. బొమ్మను చెయ్యంత దూరం పెట్టి చూసి అడిగాడు: "ఎవడురా వీడు? మొగం కనపడ్తలేదు."

తర్వాత ఆయనే చెప్పాడు: "గొల్లవాడల బొమ్మల కథ వెడితె మేము గుడ పోయేటోళ్లం. దగ్గరికి రానియ్యకపోయేది. దూరంగ చెట్టుకింద నిలవడి చూసేటోళ్లం. అయినా ఎవడు ఏ వీరుడో రంగును వట్టి, కండ్లను వట్టి చెప్పేటోళ్లం."

మాకు అప్పుడు అర్థమైంది. బల్ల మీది బొమ్మను ఆడేవాడు చేతిలోకి తీసుకుని చూస్తాడు, అందుకే నీడలు కావాలి. వాడలో నిలబెట్టిన బొమ్మను దీపం వెలుతురులో ఊరంతా చూడాలి. నిండు రంగులు, నల్లగీతలు దూరం నుంచి చూసేవాళ్ల కోసం. ఆ దూరంలో మా తాత నిలబడి ఉన్నాడని మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

మూడో బొమ్మ

ఈసారి గీత లావుగా గీశాం, కళ్లు పెద్దవి చేశాం. తాత వాకిట్లో నుంచే గుర్తుపట్టి, "ఇగో, కాటమరాజు!" అన్నాడు.

తమ్ముళ్లారా! ఈ వార్షికోత్సవం రోజున ఆ బొమ్మను భోజనశాలలో బల్ల మీద పెడుతున్నాం. దూరం నుంచి చూడనక్కరలేదు. దగ్గరికి రండి, చేతిలోకి తీసుకోండి. చింతగింజలు, రంపపు పొట్టు, సుద్ద మన ఊళ్లలో దొరికేవే. సెలవుల్లో మీరూ ఒక బొమ్మ చేయండి. చేసేముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: మీరు ఏ కథ చూశారు, ఎక్కడ నిలబడి చూశారు అని. సుద్ద మాత్రం బాగా ఆరనివ్వండి!