పాఠం 7: పాత లారీకి వేరే ఇంజను – మానిఫోల్డు ఎంపిక

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఇంజను మార్చేటప్పుడు సరైన ఎగ్జాస్టు మానిఫోల్డును ఎంచుకోగలుగుతారు.

జంషెడ్‌పూర్‌లో టెల్కో (నేటి టాటా మోటార్స్) 1954లో జర్మనీ సహకారంతో లారీల తయారీ ప్రారంభించింది. 1993లో టాటా కమిన్స్ ఏర్పడింది. మీరు పాత టాటా లారీకి 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల కమిన్స్ టర్బో ఇంజను బిగిస్తున్నారనుకోండి. పాత మానిఫోల్డు పనికివస్తుందా? రాదు. రంధ్రాలు, బోల్టులు కలవవు. కొత్త ఇంజనుకు చెందిన పోత ఇనుప మానిఫోల్డునే తీసుకోండి. పలుచని గొట్టాలను వెల్డింగు చేసినది తేలికగా ఉంటుంది. కాని టర్బో బరువుకు, వేడికి, కుదుపులకు అది పగిలే ప్రమాదం ఎక్కువ.

ఈ ఇంజను ఫైరింగ్ ఆర్డరు 1-5-3-6-2-4. గమనించండి: ముందు మూడింటిలో ఒకటి, వెనుక మూడింటిలో ఒకటి మార్చి మార్చి మండుతాయి. అందువల్ల టర్బోకు రెండు దారులుంటే మానిఫోల్డుకూ రెండు ఉండాలి. అప్పుడు ఒక సిలిండరు పొగ మరొకదానికి అడ్డురాదు.

బిగించే ముందు చూడండి:
1. టర్బోకు, ఛాసిస్‌కు, స్టీరింగు రాడ్డుకు మధ్య ఖాళీ ఉందా?
2. బ్రేకు పైపులు, వైర్లు వేడికి దూరంగా ఉన్నాయా?
3. గాస్కెట్లు కొత్తవేనా?

జాగ్రత్త: పొగ లీకయితే టర్బో బలం తగ్గుతుంది. కార్బన్ మోనాక్సైడు క్యాబిన్‌లో చేరితే డ్రైవరు ప్రాణానికే ముప్పు.

వేరే రకం ఇంజనుకు రవాణా అధికారి అనుమతి ముందుగా పొందాలి (మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52).

మీ ప్రగతిని పరీక్షించుకోండి
3వ సిలిండరు తరువాత మండేది ఏది? అది ఏ జట్టులోనిది?
జవాబు: 6వది, వెనుక జట్టు.