ముందు దూరం, తర్వాతే చోక్

గాజువాక,
విశాఖపట్నం.

చిరంజీవి మేనల్లుడికి,

నీ ఉత్తరం చేరింది. మీ తాతగారి జంట గొట్టాల తుపాకిని నీ పేరుకు మార్పించుకోవాలని ఉందనీ, పిట్టల వేటకు ఏ బ్యారెల్, ఏ చోక్ అయితే కొత్తవాడికి బాగుంటుందో చెప్పమనీ రాశావు. చలికాలంలో స్నేహితులతో కొండకర్ల ఆవ సరస్సు వైపు వెళ్తానన్నావు. బ్యారెల్ గురించీ చోక్ గురించీ నాకు తెలిసిందంతా చెబుతాను. వేట సంగతి మాత్రం ముందే తేల్చేస్తున్నాను. వద్దు నాన్నా.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. మొదట్లో కొన్ని జీవాలకు లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. ఆవలో దిగే పరజలైనా, గట్ల వెంట పరిగెత్తే కౌజులైనా, పొలాల్లో వాలే గువ్వలైనా నువ్వు కాల్చడానికి లేదు. పట్టుబడితే కేసు, జైలు, తుపాకి జప్తు. తాతగారి రోజుల్లో వేటాడేవారు కదా అని నీకు అనిపించవచ్చు. అప్పటి చట్టం వేరు, అప్పుడున్న పక్షుల సంఖ్యా వేరు.

చట్టం సంగతి అలా ఉంచినా, పిట్టకు తగిలిన ప్రతి దెబ్బా చావు కాదు. రెండు మూడు గుళ్లు మాత్రమే తగిలిన పరజ అక్కడే పడిపోదు. ఎగిరిపోయి ఏ తుంగలోనో రోజుల తరబడి బాధపడి చస్తుంది. కొత్తవాడి చేతిలో జరిగేది ఎక్కువగా ఇదే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కూడా చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి, అదేం పిట్టో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. ఆయన పక్షి శాస్త్రం అక్కడే మొదలైంది. మన విశాఖ కనుమల పక్షుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరును ఇక్కడి ఒక బాబ్లర్ పిట్ట ఉపజాతికి 1985లో పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్ పెట్టారు. కొండకర్లకు వెళ్లు, తప్పకుండా వెళ్లు. బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్లు.

ఇక తుపాకి విద్య నేర్చుకోవాలన్న నీ కోరిక. అది మంచిదే. గాలిలో ఎగిరే క్లే అనే చిన్న పళ్లేన్ని కొట్టే ట్రాప్, స్కీట్ పోటీలు ఉన్నది అందుకే. హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లింది ట్రాప్‌లోనే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం, విడిగా కాంస్యం తెచ్చాడు. క్లే వెడల్పు 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. అది వంద కిలోమీటర్లు దాటిన వేగంతో దూరంగా పోతుంటే కొట్టాలి. పిట్ట వేటలో కావలసిన నేర్పు అంతా ఇందులో ఉంది, గాయపడిన ప్రాణి మాత్రం లేదు.

చోక్ అంటే గొట్టం చివర కొద్దిగా ఇరుకు చేసిన భాగం. పన్నెండు బోరు గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఫుల్ చోక్‌లో చివర ఒక మిల్లీమీటరు దాకా తగ్గుతుంది, హాఫ్‌లో అరమిల్లీమీటరు, ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో పావు మిల్లీమీటరు. ఏ తగ్గుదలా లేకపోతే సిలిండర్. ఇంత చిన్న తేడాతోనే గుళ్లు విడిపోయే తీరు మారిపోతుంది. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో పడే గుళ్లు ఫుల్‌కు నూటికి 70, హాఫ్‌కు 60, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు 50, సిలిండర్‌కు 40 అని లెక్క.

కొత్తవాళ్లు ఈ అంకెలు చూసి ఫుల్ చోకే గొప్పదనుకుంటారు. 20 గజాల దగ్గర అదే ఫుల్ చోక్ గుళ్లను 16 అంగుళాల గుత్తిగా పంపుతుంది, ఇంప్రూవ్డ్ సిలిండర్ 26 అంగుళాలకు పరుస్తుంది. గురి ఇంకా కుదరని చేతికి ఆ పది అంగుళాలే ఆదుకుంటాయి. అందుకే ముందు దూరం అడగాలి, తర్వాతే చోక్. స్కీట్‌లో క్లే దగ్గర నుంచే పోతుంది కనుక సిలిండర్ లేదా స్కీట్ చోక్ చాలు. ట్రాప్‌లో అది దూరమవుతూ పోతుంది కనుక మొదటి గొట్టానికి హాఫ్ లేదా త్రీక్వార్టర్, రెండోదానికి ఫుల్ వాడతారు. నువ్వు స్కీట్‌తో మొదలుపెట్టు.

గొట్టం పొడవు గురించి ఒక అపోహ ఉంది, పొడుగైతే దూరం పోతుందని. నల్ల తుపాకిమందు రోజుల్లో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి మందు త్వరగా మండిపోతుంది, రెండంగుళాలు పెరిగితే వేగం పెద్దగా మారదు. పొడుగు గొట్టం ఊపును నిలకడగా ఉంచుతుంది, అదీ లాభం. ట్రాప్‌కు 30, 32 అంగుళాలు, స్కీట్‌కు 28 చాలామంది ఎంచుకుంటారు. నీకు 28 సరిపోతుంది.

తాతగారి తుపాకిని వెంటనే కాల్చకు. ఉక్కు కర్మాగారంలో పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, పాత లోహాన్ని నమ్మే ముందు చూడాలి. తుపాకి విప్పి, గొట్టాలను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూడు. వెలుగు వలయాలు గుండ్రంగా, ఒకదాని వెనుక ఒకటి కనిపించాలి. ఎక్కడైనా వలయం వంకరపోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. నల్లటి చుక్కలుంటే తుప్పు తిన్న గుంటలు, మన సముద్రపు గాలికి అవి త్వరగా పడతాయి. పై ఉక్కు మీద అలలు అలలుగా మెలి తిరిగిన చారలు కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం, ఇప్పటి తూటాలకు పనికిరాదు. తూటా పెట్టే చాంబర్ పొడవు కూడా కొలిపించు. పాతవాటిలో 65 మిల్లీమీటర్లవి ఉన్నాయి, 70 మిల్లీమీటర్ల తూటా అందులో పేలితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇదంతా లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర, తాతగారి సమక్షంలో జరగాలి. ఎవరైనా గొట్టం కాస్త కోయిస్తే తేలికవుతుందంటే వినకు. చోక్ పోతుంది, పైగా ఆయుధ చట్టం కింద నేరం.

బాగుందని తేలాక చోక్ పేరు మీద ఆధారపడకు, కాగితం మీద చూసుకో. లైసెన్సు వచ్చాక రేంజిలో 40 గజాల దూరాన నాలుగడుగుల కాగితం కట్టి ఒక్క తూటా కాల్చు. గుళ్లు బాగా చేరిన చోట 30 అంగుళాల వలయం గీసి రంధ్రాలు లెక్కపెట్టు. 24 గ్రాముల తూటాలో ఏడున్నర నంబరు గుళ్లు దాదాపు 300 ఉంటాయి. 180 పడితే అది హాఫ్. రెండు గొట్టాలకూ విడివిడిగా, ఒక్కో రకం తూటాతో కొన్నిసార్లు కాల్చి సగటు తీయి. తూటా మారితే లెక్క మారుతుంది.

కాగితాల పని ఇలా చెయ్యి. తాతగారికి డెబ్బై దాటాయి కనుక 2016 ఆయుధ నియమాల ప్రకారం వారసుడికి బదిలీ అడగవచ్చు. నీకు ఇరవై ఒకటి నిండాయి. మిగతా వారసుల సమ్మతి పత్రాలు తీసుకో, ఆయుధ భద్రత శిక్షణ పూర్తిచేసి పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టు. లైసెన్సు నీ చేతికి వచ్చేదాకా ఆ తుపాకి తాతగారి తాళంలోనే ఉండనీ. ఈలోగా హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలోని రేంజికి వెళ్లి కోచ్ దగ్గర మొదలుపెట్టు. కోచ్ ముందు నేర్పేది కాల్చడం కాదు. తుపాకిని విప్పి పట్టుకోవడం, ఖాళీదైనా మనిషి వైపు తిప్పకపోవడం, పిలిచేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడం. అవి అలవాటయ్యాక నాకు ఉత్తరం రాయి. చోక్ ట్యూబులు మార్చుకునే కొత్త తుపాకి కొనాలా, తాతగారిదే సరిపోతుందా అన్నది నీ కాగితం లెక్కలు చూసి అప్పుడు చెబుతాను.

అమ్మకు, తాతగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ శ్రేయోభిలాషి,
మావయ్య