పంచాయతీ ట్రాక్టరు: వెనుక ఇరుసు నూనె

2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమమున గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరినవి. కేసముద్రం మండలపు సభ్యులకు వాని పోషణను గూర్చి ఒక మాట మనవి చేయుచున్నాము.

మలుపులో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. ఆ భేదమును సర్దునది వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్. దాని పండ్లచక్రములు నూనెలో తిరుగును. నూనె చెడిన పండ్లు అరుగును. ఆ ఖర్చు పంచాయతీ నిధిపైననే పడును.

బండిని కొంత నడిపి, నూనె వెచ్చబడిన పిదప సమతలమున నిలిపి, చక్రములకు అడ్డు పెట్టవలెను. నూనె పోయు మూతను ముందు విప్పి, అటుపిమ్మటనే అడుగు బిరడా తీయవలెను. పై మూత ఊడిరానిచో, నూనె లేని బండిని కదల్చరాదు గదా!

బిరడాకు సన్నని ఇనుపరజను అంటుట సహజము. పంటి ముక్కలు కనిపించిన మెకానిక్కును పిలువవలెను. నూనె పాలవలె తెల్లబడిన నీరు చేరినదని గ్రహింపవలెను. వాగు దాటిన బండికి ఈ పరీక్ష ముఖ్యము.

పెక్కు ట్రాక్టర్లలో గేర్లకును, హైడ్రాలిక్కునకును ఇదే నూనె. కావున కంపెనీ పుస్తకము చెప్పిన రకమునే గుర్తువరకు పోయవలెను.

పాత నూనెను కాలువలోగాని, బావిచెంతగాని పారబోయక, అనుమతి గల సేకరణదారున కీయవలెను. మార్చిన తేదీని, పనిగంటలను లాగ్‌బుక్కున వ్రాయించి, సమావేశమున పరిశీలింపుడని కోరుచున్నాము.