సున్నిత శ్రవణం – కిన్నెర గానం

పాఠ్యభాగ ఉద్దేశం: ఒకే ధ్వని అందరి చెవులకూ ఒకే విధంగా వినిపించదు. పాలమూరు ప్రాంతపు కథాగేయాన్ని ఆధారంగా చేసుకొని, సున్నితమైన వినికిడి గల శ్రోతకు తగిన పాట ఎటువంటిదో తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

శిశువులు, పశువులు, పాములు సైతం గానరసాన్ని గ్రహిస్తాయని పెద్దల మాట. గానానికి గల సర్వజనీనతను ఈ మాట చాటుతుంది. అయితే గానం అందరినీ ఒకే విధంగా తాకుతుందని దీని భావం కాదు. ఒకరికి ఉత్సాహాన్నిచ్చే మేళం మరొకరికి వేదన కావచ్చు. కుక్కర్ ఈల, మిక్సీ రొద, బస్సు హారన్ వినగానే చెవులు మూసుకొని ముడుచుకుపోయే పిల్లలు ఉంటారు. వారిని మొండివారని, పిరికివారని నిందించడం లోకంలో పరిపాటి. అది మొండితనమూ కాదు, పిరికితనమూ కాదు. బయటి ధ్వనులను వారి ఇంద్రియాలు అధిక తీవ్రతతో గ్రహించడమే అందుకు కారణం.

ఆటిజం ఉన్నవారిలో చాలామందికి ఈ స్వభావం ఉంటుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం దీనిని ఆటిజం లక్షణాలలో ఒకటిగా చేర్చింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. పార్శ్వపు నొప్పితో బాధపడే వారిలో అనేకులకు, ఆ నొప్పి వచ్చిన వేళ చిన్న చప్పుడైనా దుస్సహమవుతుంది.

ఇటువంటి శ్రోతలకు ఏ పాట తగినది? ధ్వని తగ్గిస్తే చాలునని తోస్తుంది. అది సగం సమాధానమే. ధ్వని తీవ్రత ఎంత బాధిస్తుందో, దాని ఆకస్మికత కూడా అంతగా బాధించవచ్చు. తరువాత రాబోయేది ఏమిటో ముందుగా ఊహించగలిగినప్పుడు మనస్సు కుదుటపడుతుంది. జోలపాట దీనికి చక్కని ఉదాహరణ. అందులో ఒకే గొంతు ఉంటుంది. కొద్ది స్వరాలలోనే తిరిగే వరుస ఉంటుంది. ఊయల ఊపుకు తగిన నడక, మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి ఉంటాయి. కాబట్టి పాటలోని మృదుత్వానికి తక్కువ ధ్వని ఒక్కటే ఆధారం కాదు. ఊహకు అందే నడక కూడా ఆధారమే.

జోలపాటలోని ఈ గుణాలు కొన్ని కథాగేయంలోనూ కనిపిస్తాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలు 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలు కాకముందు పాలమూరు జిల్లాలో భాగాలు. ఇక్కడి సంస్థానాలు పండితులను పోషించాయి. గద్వాలకు 'విద్వద్గద్వాల' అనే కీర్తి దక్కింది. ఆస్థానాలలో పద్యం వెలుగొందగా, పల్లెలలో కథాగేయం ప్రజల నాలుకలపై నిలిచింది. కిన్నెర మీటుతూ కథలు పాడడం డక్కలి కళాకారుల సంప్రదాయం. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను పాడి ప్రసిద్ధి పొందాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఈ వాద్యం ప్రాచీనమైనది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే భక్తుని కథ ఉంది. పొడవైన దండానికి ఎండిన సొరకాయ బుర్రలను అమర్చి, మెట్లు నిలిపి, తీగలు బిగించి కిన్నెరను తయారుచేస్తారు. తీగను మీటినప్పుడు పుట్టిన నాదాన్ని బుర్ర తనలో నింపుకొని గుండ్రని ధ్వనిగా వెలువరిస్తుంది. ఒక గొంతు, ఒక వాద్యం, తిరిగి తిరిగి వచ్చే వరుస – ఇవి శ్రోతకు ఆసరా. అయితే కిన్నెర పాటలన్నీ మెత్తనివి కావు. వీరగాథలో గొంతు హెచ్చుతుంది, నడక వేగం పుంజుకుంటుంది. కథ నెమ్మదిగా సాగే ఘట్టాలే సున్నిత శ్రోతకు అనుకూలమైనవి. డప్పు, డోలు తక్కువవని కూడా దీని అర్థం కాదు. వేలమందిని కదిలించడం వాటి ధర్మం. ఒక్కరి చెంత కూర్చొని పలకడం కిన్నెరకు తెలిసిన విద్య.

పాట ఓదార్పు కాగలదు గాని ఔషధమని భ్రమపడరాదు. తొమ్మిది దేశాలలో 364 మంది ఆటిజం గల పిల్లలపై జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. సంగీత చికిత్స పొందిన పిల్లలకు, పొందని పిల్లలకు మధ్య లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగిన తేడా అందులో కనిపించలేదు. బిడ్డను మార్చడానికి కాక, బిడ్డకు తోడుగా ఉండడానికి పాట పాడాలి. అప్పుడే అది సార్థకం.

అందుకు మొదట చేయవలసినది శ్రోత ఇష్టాన్ని తెలుసుకోవడం. మాటలాడలేని బిడ్డ అయినా చెవి మూసుకొని, ముఖం తిప్పుకొని తన సమాధానం చెబుతుంది. ఆ సైగను గుర్తించి పాట ఆపగలిగినవాడే నిజమైన గాయకుడు. ఎంత మధురమైన పాట అయినా బలవంతంగా వినిపిస్తే రొదే అవుతుంది.

ఈ బాధ్యత గాయకునికే పరిమితం కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లను హద్దుగా నిర్ణయించాయి. ఉత్సవాలలో లౌడ్‌స్పీకర్ల హోరు ఈ హద్దును దాటినప్పుడు, సున్నితమైన చెవి గల బిడ్డ ఉన్న కుటుంబం తలుపులు బిగించుకొని కూర్చోవలసి వస్తుంది. ఊరంతా జరుపుకొనే పండుగ ఆ ఇంటికి మాత్రం దూరమవుతుంది. ధ్వనిని కొంత తగ్గించడం వల్ల ఉత్సవ శోభకు లోటు రాదు. పైగా ఆ ఇంటి తలుపు కూడా తెరుచుకుంటుంది.

ప్రశ్నలు
1. జోలపాటకు, కథాగేయానికి గల సామ్యాలను వివరించండి.
2. పాటను ఔషధమని భ్రమపడరాదని ఎందుకు చెప్పబడింది?
3. మీ ఊరి ఉత్సవంలో సున్నిత శ్రోతలు కూడా పాల్గొనడానికి ఏయే మార్పులు చేయవచ్చునో చర్చించండి.