క్రియాటినిన్ ఒకటే అయినా కిడ్నీల పనితీరు ఒకటి కాదు

కిడ్నీల పనితీరు తగ్గుతున్నా చాలాకాలం పైకి ఏ లక్షణమూ కనిపించదు. ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లు సుమారు 10 లక్షలు ఉంటాయి. కొన్ని దెబ్బతింటే ఆ పని మిగిలినవి చేస్తాయి. కాళ్ల వాపు, ఆకలి మందగించడం, ఆయాసం మొదలయ్యేసరికి జబ్బు తరచూ ముదిరిపోయి ఉంటుంది. కాబట్టి ముందుగా గుర్తించాలంటే పరీక్షలే ఆధారం.

రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూడటం మొదటి పరీక్ష. ఇది కండరాల్లో తయారయ్యే వ్యర్థం. దీన్ని కిడ్నీలు బయటికి పంపుతాయి. అయితే కండరాలు తక్కువగా ఉన్నవారిలో ఇది తక్కువగానే తయారవుతుంది. అందువల్ల ఈ అంకెను వయసు, స్త్రీ పురుష భేదంతో కలిపి ఇ-జి.ఎఫ్.ఆర్. అనే వడపోత వేగాన్ని లెక్కిస్తారు. క్రియాటినిన్ 1.2 ఉన్న 25 ఏళ్ల యువకుడిలో ఇది దాదాపు 86. అదే 1.2 ఉన్న 65 ఏళ్ల మహిళలో దాదాపు 50 మాత్రమే. ఇది 60 కంటే తక్కువగా 3 నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా పరిగణిస్తారు. 15 కంటే తగ్గితే అది చివరి దశ.

రెండో పరీక్ష మూత్రంలో ఆల్బుమిన్. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఆల్బుమిన్ పోతుంటే, వడపోత వేగం బాగున్నా జాగ్రత్తపడాలి.

ఒక పరీక్ష చేయించుకుని ఊరుకోకూడదని ఉద్దానం చెబుతోంది. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ప్రాంతంలో మధుమేహం లేనివారికీ కిడ్నీ జబ్బు వస్తోంది. కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంత రైతుల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఈ రోగుల్లో చాలామందికి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. మూత్ర పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బు దొరక్కపోవచ్చు.

దెబ్బతిన్న నెఫ్రాన్లు తిరిగి పుట్టవు. కానీ మిగిలినవాటిని కాపాడుకోవచ్చు. రక్తపోటును, చక్కెరను వైద్యులు సూచించిన స్థాయిలో ఉంచుకోవాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. ఊరగాయలు, అప్పడాల ఉప్పూ ఇందులోకే వస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను సొంతంగా వాడకూడదు. పొగతాగడం మానాలి. నీరు ఎంత తాగాలో జబ్బు దశనుబట్టి వైద్యులే చెబుతారు.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, కుటుంబంలో కిడ్నీ జబ్బు ఉన్నవారు ఏడాదికోసారి ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి. పాత రిపోర్టులు దాచుకుంటే, పనితీరు ఎంత వేగంగా తగ్గుతోందో వైద్యులకు తెలుస్తుంది.