కెన్యా పల్లె బాలికను చదివిస్తున్నారా? చేయవలసినవి - చేయకూడనివి

కెన్యాలో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో 2003 నుంచి ఫీజు లేదు. 2008 నుంచి డే సెకండరీ స్కూళ్ల ట్యూషన్ ఫీజునూ ప్రభుత్వమే భరిస్తోంది. హాస్టల్, యూనిఫాం ఖర్చులు మాత్రం ఇంటివాళ్లవే. కజియాడో, నరోక్ కౌంటీల మసాయి పల్లెల్లో ఇళ్లకూ బడికీ చాలా దూరం ఉంటుంది. హాస్టల్‌కు డబ్బు లేక ఆడపిల్ల ఇంటి దగ్గర ఆగిపోతే పెళ్లి మాట మొదలవుతుంది. మీ సాయం అవసరమయ్యేది అక్కడే. అయితే చూసుకోకుండా పంపితే డబ్బు పోతుంది, తెలియక చేసే పనుల వల్ల పిల్లకే ముప్పు వస్తుంది. రెండోదాని గురించే ఎక్కువ జాగ్రత్తపడండి.

చేయవలసినవి

- మీ సాయాన్ని పిల్లకు చేర్చే సంస్థ కెన్యాలో రిజిస్టరైందో లేదో ముందు చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు, ఆడిట్ నివేదిక అడిగి తీసుకోండి.
- పిల్లల రక్షణ నియమాలు రాతలో ఉన్నాయా అని అడగండి. లేవంటే అక్కడితో ఆపేయండి.
- ఆ ఏడాది ఫీజుల పట్టిక తెప్పించుకోండి. దాని మీద స్కూలు ముద్ర, టర్ముల వారీ మొత్తాలు, బ్యాంకు ఖాతా నంబరు ఉండాలి.
- ఫీజు నేరుగా స్కూలు ఖాతాలో పడేలా చూడండి. రసీదు మీది అడ్మిషన్ నంబరు ఆ పిల్లదేనో కాదో సరిచూసుకోండి.
- డబ్బు డిసెంబరులోపే అందేలా పంపండి. జనవరిలోనే బడి మొదలవుతుంది.
- శానిటరీ ప్యాడ్లు, లోదుస్తులు, రానుపోను బస్సు ఛార్జీలు లెక్కలో కలపండి. ప్యాడ్లు ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలని 2017 చట్టం ఉన్నా, దాని మీదే ఆధారపడకండి.
- నవంబరు, డిసెంబరు సెలవుల్లో పిల్ల ఎక్కడ ఉంటుందో ముందే అడగండి. ఆడపిల్లలకు ఆచారంగా చేసే జననాంగ కోతను 2011లోనే చట్టం నిషేధించింది. అయినా చాటుగా జరిగేది ఎక్కువగా బడి సెలవుల్లోనే.
- ముప్పు ఉందని తెలిస్తే అదే రోజు సంస్థలో పిల్లల రక్షణ చూసేవారికి చెప్పండి. కెన్యాలో ఉన్నవారు పిల్లల సహాయవాణి 116కు ఫోన్ చేయండి.
- ఉత్తరాలు సంస్థ ద్వారానే పంపండి, అందుకోండి.
- ఇండియా నుంచి పంపేవారు బ్యాంకు ద్వారానే పంపండి, పత్రాలు దాచుకోండి.
- చదువు పూర్తయ్యేదాకా కట్టగలరో లేదో లెక్క చూసుకున్నాకే మాటివ్వండి. ఇక కట్టలేని పరిస్థితి వస్తే కనీసం ఒక టర్ము ముందే చెప్పండి.

చేయకూడనివి

- పిల్ల ఫొటో ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టకండి. యూనిఫాం బ్యాడ్జీ మీద స్కూలు పేరు, వెనక గోడ మీద ఊరి పేరు కనిపిస్తే చాలు, ముక్కూమొహం తెలియనివాడు కూడా హాస్టల్ గేటు దాకా వెళ్లగలడు.
- పిల్ల పేరు, ఊరు, కుటుంబ కథ నలుగురిలో చెప్పకండి, దాతలను కూడగట్టడానికైనా సరే.
- మీ ఫోన్ నంబరు పిల్లకు ఇవ్వకండి. ఆమె నంబరు అడగకండి.
- ఎవరి సొంత ఎం-పెసా (ఫోన్ ద్వారా డబ్బు పంపే సేవ) నంబరుకూ డబ్బు వేయకండి. ‘పిల్లకు జబ్బు చేసింది, వెంటనే పంపండి’ అన్న సందేశం వస్తే సంస్థతో మాట్లాడకుండా ఒక్క షిల్లింగు కూడా పంపకండి.
- మసాయి మారా సఫారీకి వెళ్లినప్పుడు, దగ్గరే కదా అని చెప్పాపెట్టకుండా స్కూలుకు వెళ్లకండి. అనుమతితో వెళ్లినా పిల్లను ఒంటరిగా కలవకండి.
- ఖరీదైన ఫోన్లు, నగలు పంపకండి. తోటివాళ్ల కన్ను ఆమె మీద పడుతుంది.
- కోత జరిగిందా అని పిల్లను అడగకండి. అది మీరు తెలుసుకోవలసిన విషయం కాదు.
- తండ్రిని మీరే నిలదీయకండి. ఆ కోపం పిల్ల మీద పడుతుంది.
- దత్తత తీసుకుంటామని, ఇండియాకు రప్పిస్తామని ఆశ పెట్టకండి.
- సాయానికి మతం, మార్కుల షరతులు పెట్టకండి.
- పిల్ల గర్భవతి అయిందని సాయం ఆపకండి. ప్రసవం తర్వాత మళ్లీ బడిలో చేరే వీలు కెన్యా నిబంధనల్లో ఉంది.
- హవాలా దారి పట్టకండి. విదేశీ సంస్థకిచ్చిన విరాళానికి ఇండియాలో ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని అనుకోకండి, రాదు.

ఇప్పటికే ఫొటో పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి. దాన్ని పంచుకున్నవారికి కూడా ఫోన్ చేసి తీయించండి.